అదునూ పదునూ: ఇంట్లో చేసిన మొదటి కత్తి

వాన వెలిసిన రెండో రోజు పొద్దున్నే మా బాపు చేను గట్టు మీద గొంతుక్కూర్చుని గుప్పెడు మట్టి తీసేవాడు. పిడికిట్లో ఒత్తి, అరచెయ్యి విప్పి, బొటనవేలితో ఆ ముద్దను నొక్కేవాడు. వేలికి అంటుకుంటే "ఇంకా పదునుకు రాలె" అని లేచి వచ్చేసేవాడు. నొక్కగానే పొడిపొడిగా రాలిపోతే "పదును పోయింది" అనేవాడు, ఆ పూట ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ముద్ద నిలిచి, నొక్కితే మెత్తగా విచ్చుకుంటే మాత్రం ఇక ఆ రోజు మాకెవరికీ తీరిక ఉండేది కాదు. అదే బాపు కోతల ముందు కొడవళ్ళన్నీ గోనెసంచిలో వేసి నా నెత్తిన పెట్టి, "పోయి పదును పెట్టించుకరా" అని కమ్మరింటికి పంపేవాడు. మట్టి పదునూ కొడవలి పదునూ ఒకటే మాటని నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. పేరు కలిసిన వేర్వేరు సంగతులనుకున్నాను.

పోయిన ఏడాది హైదరాబాదులో మా డాబా మీద కూర్చుని నా చేతులతో ఒక కత్తి చేశాను. కూరగాయలు తరుక్కునే చిన్న కత్తి. పిడి కాకుండా పొడవు నాలుగున్నర అంగుళాలు. అది చేశాకే ఆ రెండూ ఒకటేనని తెలిసింది. మట్టికి తడి ఎంత ఉండాలో అంతే ఉండే ఘడియ ఒకటుంటుంది. ఉక్కుకు వేడి ఎంత ఉండాలో అంతే ఉండే ఘడియ ఒకటుంటుంది. ఆ ఘడియే అదును. అది పట్టుకుంటే వచ్చేది పదును. మనవాళ్ళు ఈ రెండు మాటలను జంటగా ఊరికే అనలేదు.

ఇంట్లో మొదటి కత్తి చేసుకోవాలని ఉన్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. కత్తి రూపం మీద పెట్టే శ్రద్ధలో సగానికి పైగా తీసి నిప్పు మీద పెట్టండి. కత్తి పుట్టేది సానరాయి మీద కాదు, కొలిమిలో. ఇంకో మాట కూడా ఉంది, అది కొందరికి నచ్చకపోవచ్చు. ఆ నిప్పు పని వీడియోలు చూస్తే వచ్చేది కాదు. ఎక్కడో ఒకచోట ఇంకా కొలిమి రాజేసుకుని కూర్చున్న మనిషి దగ్గరికి పోయి, పక్కన కూర్చుని, కళ్ళతో నేర్చుకోవాల్సిందే.

అసలు కత్తి ఎందుకు చేయాలనుకున్నానంటే, అమ్మ వల్ల. మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేకపోతున్నదని ఊరి నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాం. కత్తిపీట ఊళ్ళోనే ఉండిపోయింది. ఇక్కడ వంటగదిలో గట్టు దగ్గర నిలబడి, దుకాణంలో కొన్న స్టెయిన్‌లెస్ చాకుతో తరగాలి. నలభై ఏళ్ళు కత్తిపీట మీద వంకాయ గుత్తిని కన్నుమూసి తెరిచేలోగా నాలుగు చీలికలు చేసిన మనిషి, ఆ చాకుతో టమాటా తొక్కను తెంపలేక వేలితో అదిమి పట్టడం చూశాను. వీధిలో సైకిలు మీద సాన తిప్పుకుంటూ వచ్చే ఆయనకిచ్చి నెలకు రెండుసార్లు సాన పట్టించాం. పట్టించిన నాడు పట్టులా తెగేది. మూడో నాటికి మళ్ళీ జారేది.

ఇక్కడే మనం పొరపడతాం. సాన పడితే అంచు వస్తుంది, ఆ అంచు నిలవడానికి లోహంలో సత్తా ఉండాలి. చవక చాకుల్లో చాలా వాటికి ఆ గట్టిదనం తక్కువ. సన్నగా అరగదీసిన అంచు పలక మీద నాలుగు దెబ్బలు తగలగానే పక్కకు వాలిపోతుంది. మంచి స్టెయిన్‌లెస్ కత్తులు లేవని కాదు, ఉన్నాయి. అవి మంచివవడానికి కారణం కూడా మెరుపు కాదు, వాటికి సరిగ్గా వేడి పెట్టిన పనితనం. మనం వాడుకలో సాన పట్టడాన్నీ పదును పెట్టడాన్నీ కలిపేశాం. కమ్మరి దగ్గర అవి రెండు వేరు పనులు. సాన ఎవరైనా పడతారు, పదును కమ్మరే పెట్టాలి.

నా ఉక్కు ఒక అరిగిపోయిన ఆకురాయి, అంటే ఇనుమును అరగదీసే ఉక్కు ఫైలు. పది అంగుళాలది, అంగుళం వెడల్పు. మొదట లారీ కమాను పట్టీ తెద్దామనుకున్నాను, ఊళ్ళో కత్తులూ కొడవళ్ళూ చాలావరకు దానితోనే చేస్తారు కదా. కానీ పట్టీ మందం చాలా ఎక్కువ. దాన్ని సమ్మెటతో సాగగొట్టడానికి కింద దాగలి దిమ్మ కావాలి, రెండో మనిషి కావాలి, పక్కింటివాళ్ళ ఓర్పు కావాలి. ఆకురాయికైతే అవేమీ అక్కర్లేదు. మందం తగుమాత్రం, పిడిలోకి దిగే తోక ముందే ఉంటుంది. ఉక్కుకు గట్టిదనమిచ్చే కర్బనం కమాను పట్టీలో 0.6 శాతం దరిదాపుల్లో ఉంటే, మంచి ఆకురాయిలో 1 శాతం దాటి ఉంటుంది. కూరగాయల కత్తికి అంతకంటే ఏం కావాలి?

మంచి ఆకురాయి అని ఎందుకన్నానంటే, చవకరకాల్లో కొన్నిటికి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపలంతా మెత్తని ఇనుము. అలాంటిదానితో నెల రోజులు కష్టపడితే చివరికి చేతికొచ్చేది కత్తి ఆకారంలో ఉన్న రేకు. తెలుసుకోవడం తేలికే. తెలిసిన వెల్డింగు షాపులో గ్రైండరుకు ఒక మూల ఆనించి, లోపలి లోహం దాకా చూడండి. మెత్తని ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా తిన్నని గీతల్లా పోతాయి. కర్బనం ఉన్న ఉక్కైతే ప్రతి రవ్వా కొసన చిట్లి పువ్వు పూస్తుంది, అచ్చం దీపావళి కాకరపువ్వొత్తిలా. నాది పూసింది.

గట్టిగా ఉన్న ఆకురాయిని హాక్సా గానీ ఇంకో ఆకురాయి గానీ కోయలేదు. దాన్ని ముందు మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి, వీలైనంత నెమ్మదిగా చల్లారనివ్వాలి. మేస్త్రీలు వాడే ఇనుప తట్టకు లోపల బంకమట్టి మెత్తి, పక్కన బెజ్జం చేసి ఇనుప గొట్టం దూర్చి, దానికి హెయిర్ డ్రయ్యర్ గాలి పెట్టాను. కట్టెబొగ్గు పోశాను. (జింకు పూత పూసిన బకెట్టు మాత్రం వాడకండి. కాలితే వచ్చే పొగ పీలిస్తే ఒళ్ళు జ్వరంతో కాలిపోతుంది.) ఎర్రబడ్డ ఆకురాయిని ఊక బూడిద నింపిన డబ్బాలో లోతుగా పూడ్చి పడుకున్నాను. తెల్లవారి చెయ్యి పెడితే బూడిద లోపల ఇంకా గోరువెచ్చగా ఉంది. ఊక బూడిద వేడిని అంత పొదివి పట్టుకుంటుంది. రైసు మిల్లు దగ్గర ఊరికే పోతున్న వస్తువు, ఈ పనికి దాన్ని మించింది నాకు దొరకలేదు.

ఆపైన నాలుగు ఆదివారాలు రాపిడి. హాక్సాతో మూల కోసి మొన తీయడం, ఇంకో ఆకురాయితో చెంపలు, అంటే కత్తి రెండు పక్కలు, అరగదీయడం. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తాలి. పళ్ళ సందుల్లో ఇనుప రజను ఇరుక్కుంటే చెంప మీద లోతు గీతలు పడతాయి, ముందే సుద్దముక్క రుద్దుకుంటే ఇరుక్కోదు. బెల్టు గ్రైండరు కొంటే ఈ పని గంటలో అయిపోతుందని చాలామంది చెప్తారు. నిజమే. కానీ మొదటి కత్తికి వద్దు. గ్రైండరు మీద చెయ్యి తడబడితే ఒక్క క్షణంలో కత్తి పోతుంది. ఆకురాయితో తప్పు చేస్తే ఆ తప్పు చేతికి తెలుస్తూ చేస్తాం, మధ్యలో ఆపుకోవచ్చు.

ఆ నాలుగు ఆదివారాల్లో నేనొక పని చేశాను. కత్తి వెన్ను దగ్గర ఆకురాయి పళ్ళ గీతలు కొన్ని అరగదీయకుండా అలాగే ఉంచాను. ఇది ఆకురాయితో చేసిందని చూడగానే తెలుస్తుంది కదా, అందంగా ఉంటుంది కదా అని. ఇంటర్నెట్టులో చూసిన కత్తుల్లో సగానికి అలాగే ఉన్నాయి. మొన వంపు నాలుగుసార్లు దిద్దాను. పిడి బొమ్మ పది కాగితాల మీద గీశాను. నిప్పు గురించి మాత్రం ఒక సాయంత్రం చదివి, సరిపోతుందనుకున్నాను.

ఐదో ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండలో, బొగ్గులు రాజేశాను. ఎరుపు కనబడేదాకా కాల్చాను. కనబడ్డాక ఇంకాస్త కాల్చాను. నీళ్ళ బకెట్లో ముంచాను. గాజుగ్లాసు అంచుకు చెంచా తగిలినట్టు ఒక చిన్న చప్పుడు వచ్చింది. తీసి చూస్తే వెన్ను నుంచి అంచు వైపు వెంట్రుకవాసి పగులు. మొదలైంది సరిగ్గా నేను అందానికి ఉంచిన గీతల్లో ఒకదాని దగ్గర. రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచగానే బిస్కెట్టులా రెండు ముక్కలైంది.

ఆ రెండు ముక్కలనూ పాత బట్టలో చుట్టి పండక్కి ఊరెళ్ళినప్పుడు తీసుకెళ్ళాను. మా ఊరు ఆర్మూరు పక్కన. కమ్మరి తాతకు డెబ్బై దాటాయి. కొడుకు గల్ఫులో ఉంటాడు. ట్రాక్టర్లు వచ్చాక నాగలి కర్రులు పోయాయి, కొడవళ్ళు సంతలో తయారుగా దొరుకుతున్నాయి, అయినా తాత వారానికి రెండు మూడు రోజులు కొలిమి రాజేస్తాడు. ముక్కలు చేతిలో పెడితే పిడీ మొనా చూడలేదు. విరిగిన చోటు వెలుతురుకు తిప్పి చూశాడు.

"రవ్వ లెక్క మెరుస్తున్నది బిడ్డా. మస్తు కాల్చినవ్."

నేనూ చూశాను. నిజంగానే ఉప్మారవ్వ పరిచినట్టు పలుకులు పలుకులుగా మెరుస్తున్నది. తాత తన దగ్గరున్న విరిగిన గొడ్డలి ముక్క ఒకటి తీసి పక్కన పెట్టాడు. దాని విరుపు గోధుమపిండిలా సన్నగా, బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉంది. ఉక్కును హద్దు దాటి కాలిస్తే లోపలి పలుకులు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవవుతాయి. పెద్ద పలుకుల ఉక్కు ఎంత గట్టిగా ఉన్నా పెళుసుగా విరుగుతుంది. ఇది నేను చదివిన సంగతే. చదివినప్పుడు అది ఒక వాక్యం. చేతిలో రెండు ముక్కలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు అర్థమైంది.

"ఈ గీతలెందుకు ఉంచినవ్?"

"అందానికి తాతా."

"పగులుకు తొవ్వ నువ్వే ఏసిచ్చినవ్."

తిట్టలేదు. ఉన్నమాట చెప్పాడు. చల్లని నీళ్ళలో పడ్డ ఉక్కులో పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది తర్వాత. బిగుసుకునేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది కూడా. ఒకే ముక్కలో ఒక్కో చోటు ఒక్కో వైపు లాగుతుంటే, ఎక్కడ గాటు ఉంటే అక్కడ చీలుతుంది. నేను రూపం కోసం ఉంచుకున్న గీతే నా పదునును చెడగొట్టింది. ఈ వ్యాసంలో నేను వాదిస్తున్నదంతా ఆ ఒక్క గీతలో ఉంది.

ఎప్పుడు కాల్చావని అడిగాడు. మధ్యాహ్నం అన్నాను.

"ఎండల ఎవలన్న పదును పెడ్తరా? ఎండల ఎరుపు కండ్లకు ఆనది. మాపటికి రా."

దీపాలు పెట్టే వేళకు వెళ్ళాను. కొలిమి గుడిసెలో లైటు వేయలేదు. ఒక కొడవలి నిప్పుల్లో ఉంది. తాత ఒక చేత్తో పంకా తిప్పుతూ, ఇంకో చేత్తో పట్టకారు పట్టుకుని దాన్ని అటూ ఇటూ జరుపుతున్నాడు. మసక ఎరుపు వచ్చింది. అది కాస్త తేటబడింది. "నీడ సూడు" అన్నాడు. నాకేమీ కనబడలేదు. దాన్ని బయటికి తీసి చల్లారనిచ్చి, మళ్ళీ పెట్టాడు. మూడోసారికి కనబడింది. ఎర్రగా వెలుగుతున్న ఉక్కు లోపల, సన్నని అంచు వెలుగెక్కుతుంటే, దాని వెనక మసకగా ఒక నీడ. పొగనీడ లాంటిది, బొగ్గు మీద మబ్బు నీడ పడినట్టు. అది మెల్లగా వెన్ను వైపు జరిగింది. జరిగి జరిగి కనబడకుండా పోయింది. కొడవలంతా ఒకే రంగైంది, పండిన దానిమ్మ గింజ రంగు.

"ఇగ ఇప్పుడు" అని అంచు మటుకు నీళ్ళ తొట్టిలో ఆనించాడు. ముంచలేదు. "నీళ్ళు తాపాలె. ముంచుడు కాదు."

దీనికి పుస్తకాల్లో లెక్క ఉంది. వేడి 730 డిగ్రీలు దాటే దగ్గర ఉక్కు లోపలి అమరిక మారడం మొదలవుతుంది. మారేటప్పుడు వేడిని మింగుతుంది, కాబట్టి మారుతున్న చోటు పక్కదానికంటే వెలుగు తగ్గి కనిపిస్తుంది. తాత చూపించిన నీడ అదే. నీడ పోయిందంటే మార్పు పూర్తయిందని. అప్పుడు చప్పున చల్లారిస్తే కర్బనం తప్పించుకోవడానికి వ్యవధి లేక లోపలే చిక్కుబడి, గాజంత గట్టి రూపం వస్తుంది. జర్మన్ లోహశాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద దాన్ని మార్టెన్‌సైట్ అంటారు. ఇంటి దగ్గర చేసేవాళ్ళందరూ అయస్కాంతం వాడమని చెప్తారు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకొంచెం పైకి వెళ్ళి చల్లార్చాలి. అది మంచి ఉపాయమే, నేనూ వాడాను. కానీ ఆ 'ఇంకొంచెం' ఎంతో అయస్కాంతం చెప్పదు. నీడ చెప్తుంది. నీడ పోయాక మోదుగుపువ్వు రంగు వచ్చేదాకా ఆగితే మళ్ళీ రవ్వే.

నీళ్ళు తాగిన అంచును తాత విరిగిన సానముక్కతో నాలుగుసార్లు గీరాడు. నల్లపొర పోయి తెల్లగా మెరిసింది. వెన్నులో ఇంకా మిగిలి ఉన్న వేడి మెల్లగా అంచు వైపు పాకుతోంది. ఆ మెరుపు మీద రంగులు నడిచి వచ్చాయి. ముందు లేత గడ్డిరంగు, వెనక తేనెరంగు, దాని వెనక నేరేడుపండు రంగు, అందరికంటే వెనక నెమలిమెడ నీలం. గడ్డిరంగు అంచును తాకగానే మొత్తం నీళ్ళలో ముంచేశాడు. పెళుసు దించడమంటే ఇదే. చల్లార్చిన ఉక్కు మరీ బిగుసుకుని ఉంటుంది, దాన్ని కొద్దిగా సడలించాలి. గడ్డిరంగు దగ్గర ఆపితే కోసే పనిముట్టు, నీలం దాకా పోనిస్తే స్ప్రింగు. తాత ఒకే కొడవలిలో అంచుకు ఒకటి, వెన్నుకు ఇంకొకటి పెట్టాడు. దగ్గర థర్మామీటరు లేదు. చీకటి ఉంది, రంగు ఉంది, అంతే.

ఆ కొడవలి తెల్లవారి ఒక రైతు వచ్చి తీసుకున్నాడు. తాత నలభై రూపాయలు అడిగాడు. ఆయన ముప్పై ఇచ్చి, "పది దెబ్బలు కొట్టినందుకు నలభయ్యా" అన్నాడు. తాత ఏమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆరు నెలల ముందు నేనైనా అంతే అనేవాణ్ణి. దెబ్బలు లెక్కపెట్టేవాణ్ణి. నీడ పోయిన ఘడియ ఎవరి లెక్కలోకీ రాదు, అది చీకట్లో జరుగుతుంది, రెండు క్షణాల్లో అయిపోతుంది. అందుకే ఒక్కసారైనా ఎవరి కత్తి వాళ్ళు చేసుకోవాలంటాను. చేసుకున్నవాడు బేరమాడే తీరు మారుతుంది.

ఈ సంగతి నన్ను ఇంత బాధపెట్టడానికి ఇంకో కారణం ఉంది. మా ఊరి నుంచి గంట ప్రయాణం చేస్తే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం వస్తుంది. వూట్జ్ అని ప్రపంచమంతా చెప్పుకునే ఉక్కు అక్కడ తయారయ్యేది. ఆ మాట కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న 'ఉక్కు' నుంచి పుట్టిందనే ఎక్కువమంది పండితులు అంటారు. 17వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, పర్షియాలో నీటి అలల చారలు తేలే కత్తులకు ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వెళ్తుందని రాశాడు. కోనసముద్రంలో ఉక్కు చేయడాన్ని చూసి వోయ్‌సీ అనే సర్వే అధికారి రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. విద్యుత్తు పరిశోధనలతో పేరు పొందిన మైకేల్ ఫారడే, అంతకుముందు ఈ ఉక్కు రహస్యం పట్టుకుందామని లండన్‌లో ప్రయోగాలు చేశాడు. కోనసముద్రంలో ఇనుప ముక్కలను మట్టి మూసల్లో పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కాల్చేవారు. ఆ మూసల మట్టిలో కలిపింది ఊక. నేను డబ్బాలో పోసుకున్న అదే ఊక! ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మా ఊరి చెరువు కట్ట కింద కాళ్ళతో తన్నుకుంటూ ఆడుకున్న నల్లని బరువు రాళ్ళు చిట్టెపురాళ్ళని, ఎప్పటివో కొలిముల నుంచి మిగిలినవని అప్పుడే తెలిసింది.

వూట్జ్‌తో చేసిన ఆ చారల కత్తులనే డమాస్కస్ కత్తులనేవారు. ఇవాళ అదే పేరుతో వేలకు వేలు పోసి కొంటున్నది చాలావరకు వేరే రకం. రెండు తీర్ల ఉక్కును పొరలు పొరలుగా అతికి చారలు తెప్పిస్తారు. అదీ గొప్ప పనితనమే. వూట్జ్‌లో చారలు అతికితే వచ్చినవి కావు, మూసలో మెల్లగా చల్లారేటప్పుడూ తర్వాత సుత్తి కింద సాగేటప్పుడూ లోహంలోంచే తేలినవి. వూట్జ్ ఘనత గురించి మనం చాలా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ చదువులో మిగిలిన చివరి పాఠం, నీడ చూసి పదును పెట్టే పాఠం, ఇంకా మన ఊళ్ళ కొలిముల దగ్గర ఉంది. దానికి ముప్పై రూపాయలిచ్చి వస్తున్నాం. ఘనత గతానిది, గౌరవం ఇప్పుడున్న మనిషికి అందాలి.

రెండో కత్తి త్వరగా అయింది. చేతులకు దారి తెలుసు. ఈసారి చెంపల మీద ఒక్క గీత మిగలకుండా, గాజుకాగితంతో పొడవునా రుద్దాను. అంచును ఒక మిల్లీమీటరు మందం ఉండగానే ఆపాను. ఏటీఎం కార్డు కంటే కొంచెం మందం. మరీ సన్నగా చేసి కాలిస్తే వంకర పోతుంది. నీళ్ళు మానేసి నూనె పెట్టాను. అంచును మటుకే తాపడం తాతకు చేతనవును, ఆ చెయ్యి నాకు లేదు. వేరుశెనగ నూనె, 50 డిగ్రీల దాకా వెచ్చచేసి, లోతైన ఇనుప డబ్బాలో. ఎర్రని ఉక్కు దిగగానే నూనె మీద మంట లేస్తుంది, లేచి తీరుతుంది. అందుకే డబ్బాకు మూత చేతికందేలా ఉండాలి, పక్కన ఇసుక బకెట్టు ఉండాలి, నీళ్ళు దగ్గరికి రాకూడదు. కళ్ళద్దాలు, తోలు చేతొడుగులు, నూలుబట్టలు. పిల్లలు మెట్ల కిందే ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజుకు పని మానుకోండి.

పొద్దుగూకాక మొదలుపెట్టాను. డాబా మీద లైటు ఆర్పించాను. మొదటిసారి నీడ దొరకలేదు, తీసేశాను. రెండోసారి దొరికింది, మొన దగ్గర తొందరగా పారిపోయింది, వెన్ను దగ్గర ఆగి ఆగి పోయింది. దించాను. బుసబుసమని మంట, వేరుశెనగ వాసన, ఇంకే చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడం విన్నంత శ్రద్ధగా నేను జీవితంలో ఇంకేదీ వినలేదు. చల్లారాక అంచు మీద ఆకురాయి ఆనించి తోశాను. గాజు మీద జారినట్టు జారింది.

పెళుసు దించడానికి మాత్రం ఓవెన్ వాడాను. ఇంట్లో కేకులు చేసే చిన్న ఓవెన్. దాని మరను నమ్మకూడదు, 200 అని తిప్పితే లోపల పైకీ కిందికీ ఊగుతుంది. ట్రేలో ఇసుక పోసి, అందులో కత్తిని పాతి, పక్కన థర్మామీటరు పెట్టి, 200 డిగ్రీల దగ్గర గంటన్నర చొప్పున రెండుసార్లు ఉంచాను. తీసి ఇసుక తుడిస్తే చెంప మీద లేత గడ్డిరంగు. తాత గుడిసెలో చూసిన రంగే! ఆధునిక పద్ధతి వేరు, పాత పద్ధతి వేరు అని వాదించేవాళ్ళకు ఆ రంగు చూపించాలని ఉంటుంది.

పిడికి తుమ్మకర్ర. తోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దింపడం, రాగి గొట్టం ముక్కతో పొన్ను, సందుల్లో లక్క. కాల్చేటప్పుడు కత్తికి వేడి పాకకుండా తడిగుడ్డ చుట్టాలి, లేకపోతే పెట్టిన పదునంతా పోతుంది. పిడి ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. పది కాగితాల మీద గీసిన బొమ్మల్లో ఒక్కటీ వాడలేదు. అమ్మ చెయ్యి చూసి, ఆమె పిడికిలికి సరిపోయేలా చెక్కాను.

వంద రూపాయలకు దొరికే కత్తికి ఇంత గొడవెందుకని అడిగినవాళ్ళున్నారు. బొగ్గులు, ఆకురాళ్ళు, గాజుకాగితం, నూనె అన్నీ కలిపి నాకు రెండు వేల దాకా అయ్యాయి, రెండు నెలల ఆదివారాలు పోయాయి. డబ్బు లెక్కలో వాళ్ళదే నిజం. కానీ పిల్లలకు ఈత నేర్పేటప్పుడు చెరువు దాటడానికి పడవ ఉంది కదా అనం. చేతికి ఒక పని తెలియడం దానంతట అదే ఒక ఆస్తి. ఇంట్లో కత్తి చేయడం తప్పు కాదా అని భయపడినవాళ్ళూ ఉన్నారు. మన ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తుల గురించి మాట్లాడతాయి, వంటకూ వ్యవసాయానికీ చేసినవాటిని అందులోంచి మినహాయిస్తాయి. నా అభిప్రాయం అంతకంటే సూటిగా ఉంటుంది. మొదటి కత్తి వంటకే చేయండి. గోడకు తగిలించే బాకులూ కత్తులూ వద్దు. తగిలించిన కత్తికి పదును ఉందో లేదో ఎవరూ అడగరు. వంటకత్తిని రోజూ మూడుపూటలా ఒక మనిషి పరీక్షిస్తుంది.

అమ్మ పరీక్షించింది. ముందు ఉల్లిగడ్డ కోసింది. ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. "కత్తిపీట వాసనొస్తున్నది" అంది. నిజమే, కర్బనపు ఉక్కు ఉల్లిగడ్డకు తగిలితే ఒక ఇనుప వాసన వస్తుంది, స్టెయిన్‌లెస్‌కు రాదు. తర్వాత టమాటా తీసుకుంది. వేలితో అదమలేదు. కత్తిని దాని మీద పెట్టి లాగింది, అంతే, తొక్క తనంతట తాను విడిపోయింది. నా వైపు చూడలేదు, ఇంకో టమాటా తీసుకుంది. నిమ్మకాయ తగిలితే నల్లమచ్చలు పడతాయని, తడి ఉంచితే తుప్పు పడుతుందని చెప్పబోయాను. అప్పటికే కొంగుతో తుడిచి, నూనెగుడ్డతో రుద్ది, మేకుకు తగిలించింది. నలభై ఏళ్ళు కత్తిపీటను అలాగే చూసుకున్న మనిషికి నేను చెప్పేదేముంది.

దసరాకు ఊరెళ్ళినప్పుడు తాతకు చూపించాను. పిడిని చూడలేదు. బొటనగోరు మీద అంచు ఆనించి, పిడి దగ్గర నుంచి మొనదాకా మెల్లగా జరిపాడు. చూపుడువేలితో వెన్ను మీద టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏ పొద్దు పెట్టినవ్?"

"మాపటికే తాతా. లైటు ఆర్పి."

తలాడించాడు. మళ్ళీ గోరు మొన దగ్గరికి తెచ్చి అక్కడ రెండుసార్లు జరిపాడు.

"మొన కాడ పెళుసు ఇంకింత దించేది ఉండె. సన్నగున్న కాడ నీడ జల్ది పోతది, నువ్వు ఎన్ను కోసం ఆగినవ్. ఇది ఎప్పుడన్న ఇరుగుతది. ఇరిగినంక తీస్కరా, నా కొలిమిల పెడ్దాం."

మొన ఇంకా విరగలేదు. అమ్మ మాత్రం దాన్ని కొబ్బరిచిప్ప దగ్గరికి పోనివ్వడం లేదు.